ల కింద ల

మొదట పట్టించుకోలేదు.
వేలు బరువుగా పడిందనుకున్నాను.
రాత్రి పదకొండు, చిక్కడపల్లి,
షట్టరు సగం దించిన డీటీపీ షాపు,
తెల్లారేసరికి మూడు వందల గృహప్రవేశం కార్డులు.

'ఇల్లు' అని కొడితే
ల కింద ల, దాని కింద ఇంకో ల వేసింది కీబోర్డు.
అనుమతి లేని మూడో అంతస్తు.
అది కంటికి ఆనింది, కూల్చేశాను.
ఆననిది వేరే ఉంది.

'పదహారేళ్ళ మా కల' అని రాసిచ్చాడాయన,
బోడుప్పల్ అంజిలప్ప గారు, ఆర్టీసీ మెకానిక్,
రూళ్ళ కాగితం మీద, ఒత్తి ఒత్తి.
అచ్చులో వచ్చింది
'పదహారేళ్ళ మా కల్ల.'

ప్రూఫు చూసింది నేనే. కింద ఆయన సంతకమూ ఉంది.
మంచి కాగితం, బంగారు అంచు.
అబద్ధానికి అంత అందమైన అంచు
నేనెన్నడూ కట్టలేదు.

ఆదివారం నేల మీద పాత పేపరు పరిచి
కీబోర్డును బోర్లించి తట్టాను.
సర్వపిండి నువ్వులు రాలాయి, ఒక స్టేప్లరు పిన్ను,
ఎవరిదో తెల్ల వెంట్రుక.
నాదే.
కరోనా నాటి శానిటైజరు సీసా అడుగున కొంచెం మిగిలింది,
దూదిపుల్ల ముంచి తుడిచాను.
గంటసేపు బుద్ధిగా ఉంది. తర్వాత మళ్ళీ
వలకి వల్ల, చలికి చల్లి, కలకి కల్ల.

వైరు మార్చాను. పక్క కంప్యూటరుకి తగిలించాను.
సెట్టింగుల్లోకి పోయి రిపీట్ ఆలస్యాన్ని చివరిదాకా జరిపాను.
అది నొక్కిపట్టిన వేలికి మందు,
వణికే మీటకి కాదట, తర్వాత తెలిసింది.
తొడుగు పీకి ఇంకోదానికి పెట్టి చూశాను.
తొడుగు ఏ పాపమూ ఎరగదు.

సికింద్రాబాదు సీటీసీ, రెండో అంతస్తు,
మెట్ల పక్కన రెండడుగుల బల్ల.
ఇఫ్తెకార్ భాయ్‌కి తెలుగు చదవరాదు, మాటే.
"ఏదన్నా కొట్టమ్మా" అన్నాడు.
'అలా' అని కొట్టాను.
"ఏం పడ్డది?"
చదివి వినిపించాను.
నవ్వలేదు. భూతద్దం కంటికి పెట్టుకుంటూ
"ఆ పేరు తలుచుకుంటే మంచిదే గానీ
మెషీన్ తలుచుకుంటున్నదంటే
దానికేదో కష్టమున్నది" అన్నాడు.

చిన్న పట్టకారుతో ల మీటని ఊడబీకి
క్యూ గుంటలో పెట్టాడు, క్యూది తెచ్చి ల గుంటలో.
ఇప్పుడు ల ఒక్కటే. క్యూ రెండు.
"ఇల్లు మంచిదే. రోగం మనిషిది."

ఎందుకొస్తుందని అడిగాను.
"లోపట రాగి రేకు ఉంటది. దెబ్బ తాకితే
ఒక్కసారికి ఆగదు, వణుకుతది. కొత్తదైనా వణుకుతది.
బోర్డు ఐదు మిల్లీసెకన్లు చూసి, అప్పుడు నమ్ముతది.
దీనికి ఐదు సాల్తలేవు."

కొత్త మీట నలభై రూపాయలన్నాడు, వద్దన్నాను.
నేను కొట్టే తెలుగులో క్యూతో పనిలేదు.
నాలుగేళ్ళు నా ఉంగరపు వేలి కింద నలిగింది,
అక్కడ కూర్చుని వణకనీ.

జీతంలో పదిహేను వందలు కోసుకున్నాడు మా ఓనరు.
మళ్ళీ అచ్చేయించే టైము లేక
అంజిలప్ప గారు నీలం రీఫిల్లుతో
ల కింది ల ని కార్డు కార్డుకీ కొట్టేశాడట.
షాపుకొచ్చి నాకూ ఒకటిచ్చాడు.
దాంట్లో కొట్టెయ్యలేదు.

వెళ్ళాను. తడి సున్నం వాసన,
ఒక గదికి ఇంకా తలుపు లేదు.
"నా కార్డు మర్చిపోయారా?" అనడిగితే
మేకుకి వేలాడే బ్యాంకు కాయితాల సంచి చూపించి
"ఇంక పద్నాలుగేండ్ల కిస్తీలున్నయమ్మా,
ఒక్క కార్డన్నా నిజం జెప్పనీ" అన్నాడు.

పంక్తిలో కూర్చున్నాను.
పప్పులో ఉప్పు రెండుసార్లు పడ్డట్టుంది.
ఎవరమూ ఏమీ అనలేదు.